బాపు ముందు పెట్టిన గ్లాసు

రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం పెట్టబోతుంటే మా ఆయన చెయ్యి వణికింది. బడంగ్‌పేట్ వైపు ప్లాట్లు అమ్మిపెట్టడం ఆయన పని, సంతకాలు కొత్త కాదు. "జర నీళ్లు తాగొస్త" అని కారు దాకా వెళ్లొచ్చాడు. వచ్చాక చెయ్యి నిలకడగా ఉంది. వణికినప్పటికన్నా ఆ నిలకడ చూసినప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. కారులోని సీసాలో ఉన్నది నీళ్లు కాదని తెలియనంత అమాయకురాలిని కాను.

అప్పటిదాకా సాయంత్రాలే తాగేవాడు. బేరం కుదిరితే దావత్, కుదరకపోతే బాధ. పొద్దున్నే మొదలైందని తెలిశాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఎల్ఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్ చేయించి లివర్ దెబ్బతినడం మొదలైందన్నారు. "ఇయ్యాల్టి సంది ఇంట్ల చుక్క ముట్టనియ్య సార్" అన్నాను వీరావేశంగా.

డాక్టర్ తల అడ్డంగా ఊపారు. "ఇంట్లో అట్లా ఒక్కసారిగా ఆపకండమ్మా. మందు అందక, విత్‌డ్రాయల్‌లో ఫిట్స్ రావచ్చు. అడ్మిట్ చేసి, ఒంట్లోంచి మందు దిగేదాకా డీటాక్స్ చేద్దాం. అది సులువైన పని. ఆ తర్వాత తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగులకు తప్పకుండా పోవాలి."

డీటాక్స్ అయి ఇంటికొచ్చాక, ఆ మీటింగు ఎక్కడో కనుక్కోవడమే పెద్ద పనయింది. బోర్డు ఉండదు. హాస్పిటల్‌లో కౌన్సెలర్ చెప్పిన సందులో అటూ ఇటూ తిరిగితే చివరికి ఒక స్కూలు మేడ మీద గది దొరికింది. మా ఆయన మెట్ల దగ్గర ఆగిపోయాడు. "మనోళ్లెవరన్న చూస్తే?"

"వైన్స్ ముంగట నిలబడ్డప్పుడు గీ సిగ్గు యాడికి పోయింది?" అన్నాను. మెట్లెక్కాడు.

ఆ రోజు ఇంటివాళ్లనూ కూర్చోనిచ్చారు. ఒక్కొక్కరూ పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి, తన సంగతి తాను చెప్పుకున్నారు. నీతులు చెప్పినవాళ్లు లేరు. బెజవాడ నుంచి వచ్చి ఇక్కడ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే సార్ ఒకాయన మా ఆయన పక్కన కూర్చున్నారు. "ఇంకెప్పుడూ తాగనని ఒట్లేమీ పెట్టుకోకండి తమ్ముడూ. ఈ రోజుకి తాగకుండా ఉందాం, చాలు. తాగాలనిపిస్తే తాగకముందే నాకు ఫోన్ చేయండి." అలా దారి చూపే మనిషిని అక్కడ స్పాన్సర్ అంటారు. లెక్కల సారే మా ఆయనకు స్పాన్సర్ అయ్యారు.

నెలలు గడిచాయి. మా ఆయన ముఖంలో ఉబ్బు తగ్గింది, అన్నం తింటున్నాడు, పిల్లలతో నవ్వుతున్నాడు. నాకు గర్వం తలకెక్కింది. తాగే మొగుణ్ణి ఎలా దారికి తేవాలో పక్కింటివాళ్లకు పాఠాలు చెప్పేదాన్ని. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, పడింది నేనే.

మా మామ చనిపోయాడు. మా ఇళ్లల్లో దినం నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఫోటో ముందు పెడతారు. మామకు మటన్, దాని పక్కన గ్లాసులో మందు పెట్టారు. కాసేపయ్యాక కొడుకులు దాన్ని ప్రసాదంలా తలా ఇంత నోట్లో పోసుకోవాలి. ముందురోజే మా ఆయన అడిగాడు. "నాకు గ్లాసు ఇయ్యొద్దని నువ్వు అన్నకు చెప్పు. నేను చెప్తే నవ్వుతరు." సరేనన్నాను. చెప్పలేదు. చావింట్లో కోడలు కొత్త రూల్స్ పెడుతోందని నలుగురూ నాలుగు మాటలంటారని నా భయం.

మా ఆయన అన్న, మా బావ, గ్లాసు అందించాడు. "బాపుకు పెట్టింది తమ్మీ. కాదనొద్దు."

మా ఆయన నావైపు చూశాడు. నేనేమన్నానో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "జర పెదవులకు తాకియ్యి. అందరు చూస్తుండ్రు."

తాకించాడు. ఆ వారమంతా తాగుతూనే ఉన్నాడు. చివరికి బాత్రూంలో రక్తం కక్కుకుని పడిపోతే ఐసీయూలో పెట్టారు. "ఒక్క గుక్కే కద సార్" అని నసిగాను. "ఈయనకు ఒక్క గుక్క అనేది లేదమ్మా" అన్నారు డాక్టర్. చంపినంత పని చేశానని అర్థమైంది. పిల్లల ముఖం చూడలేకపోయాను.

హాస్పిటల్‌కు వచ్చిన లెక్కల సార్‌తో అసలు సంగతి చెప్పలేదు. అయినా ఆయన, "ఎల్బీ నగర్లో తాగేవాళ్ల ఇంటివాళ్లకు వేరే మీటింగ్ ఉందమ్మా, మీరూ వెళ్లండి" అన్నారు. నాకేం జబ్బని ముందు కోపమొచ్చింది. అయినా వెళ్లాను. నా వంతు రాగానే నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "తాగమన్నది నేనే." ఎవరూ తిట్టలేదు, ఫర్వాలేదనీ అనలేదు. ఒక పెద్దావిడ మాత్రం, "ఆయనకు చెప్పినవా బిడ్డా?" అని అడిగింది.

డిశ్చార్జ్ అయ్యాక చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. మా ఆయన చేతిలోని మందుబిళ్లల కవరు పక్కన పెట్టాడు.

"ఆ రోజు నీ దిక్కు ఎందుకు చూసిననో ఎరుకనా?" అన్నాడు. "వద్దంటవని కాదు. తాగమంటవేమోనన్న ఆశతోని."

ఆ మాటతో నా తప్పు పోలేదు. అది ఇప్పుడు ఇద్దరిదీ అయింది. ఆయన దిల్‌సుఖ్‌నగర్ మీటింగుకు వెళ్తాడు, నేను ఎల్బీ నగర్ మీటింగుకు వెళ్తాను. ఆయన మళ్లీ తాగలేదు. రేపటి సంగతి నాకు తెలియదు, ఆయనకూ తెలియదు.

మీ ఇంట్లో తాగుడు మానిన మనిషి ఉంటే ఒక్క పని చేయండి. పెళ్లయినా, బోనాలైనా, దినమైనా బయల్దేరే ముందే అక్కడి పెద్దవాళ్లకు ఫోన్ చేసి, ఈయన చేతికి గ్లాసు ఇవ్వొద్దని చెప్పండి. అక్కడికి వెళ్లాక, అందరూ చూస్తుండగా, ఆ మాట నోటికి రాదు. నాకు రాలేదు.