బోర్డుకు అంటించిన మగ్గం అట్టలు

పోయినేడు ధర్మవరం బడిలో, ‘కార్డు’ అనే ఇంగ్లీషు మాట గ్రీకుల దగ్గర పుట్టి ఎన్ని అర్థాలు మోసుకొచ్చిందో చెప్పి, పిల్లల్ని ఇంట్లోని కార్డులు తెమ్మన్నాను. అందరూ రేషన్ కార్డులు, పేకముక్కలు తెచ్చారు. నేతగాళ్లమ్మాయి సుజాత మాత్రం వాళ్లింట్లో కార్డులనే పిలిచే, చిల్లులున్న నాలుగు మగ్గం అట్టలు తెచ్చింది. మురిసిపోయి, చప్పట్లు కొట్టించి, జిగురుతో బోర్డుకు అంటించాను.

మర్నాడు వాళ్ల నాయన వచ్చాడు. “మేడమ్, మా అట్టలు ఈడుండాయంట. ఆ చిల్లుల్ని బట్టే చీరలో బొమ్మ పడేది. నిన్నట్నుంచి పెళ్లిచీరలో నెమళ్లకు మెడలు రాలేదు” అన్నాడు.

నేను పీకబోతే అట్టలు చిరిగిపోయాయి. ఆయన కింద పడిన ముక్కలన్నీ ఏరుకుని వెళ్లిపోయాడు.

మాట ఎక్కడ పుట్టిందో గంటసేపు చెప్పినదాన్ని, ఆ అట్టలు ఎక్కడివమ్మా అని ఒక్కసారి అడగలేకపోయాను.