కొవ్వు పంపే కబురు

తొంభైల చివర్లో ఉదయగిరిలో సైన్సు టీచరుగా పనిచేసేదాన్ని. అక్కడ నాకోసం ప్రార్థన చేసేవాళ్ళకు లోటు లేదు. లోటల్లా నా పక్కన కూర్చుని భోంచేసేవాళ్ళకే. నేను మొదట్నుంచీ లావు. దానికి తోడు షుగర్ బయటపడింది. అద్దెగదిలో ఒంటరిగా ఉండే ఆడది, తలుపేసుకుని ఏమేం తింటుందో ఎవరు చూడొచ్చారని ఊరు తీర్మానించేసింది.

గురువారం చర్చిలో జరిగే స్త్రీల సమాజంలో సంఘపెద్ద భార్య కళ్ళు మూసుకుని, "మా టీచరమ్మని తిండి ఆశలోనించి విడిపించు ప్రభువా" అని గట్టిగా వేడుకునేది. మిగతావాళ్ళు ఆమెన్ అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. స్వీట్ల మాట దేవుడెరుగు, కడుపు నిండా అన్నం తిని ఎన్నాళ్ళయిందో! ఆ మాట చెప్పుకుందామంటే వినే మనిషే లేదు. చర్చిలో అందరూ కలిసి భోంచేసే ప్రేమవిందులో కూడా పళ్ళెం పట్టుకుని ఒక్కదాన్నే గోడవారగా కూర్చునేదాన్ని.

మాత్రలు వేసుకున్నా షుగర్ దిగకపోయేసరికి ఆత్మకూరు బస్సెక్కాను. అక్కడి డాక్టరు వయసులో నాకంటే చిన్నవాడు. స్వీట్లు ముట్టనని అతనికి చెప్పాను. "మీలాంటివాళ్ళలో చాలామందికి ఇన్సులిన్ లేక కాదు మేడం, ఉన్నా పనిచేయక షుగరొస్తుంది" అన్నాడు. కొవ్వు ఊరికే పేరుకుని పడి ఉండదట. దెబ్బ తగిలితే ఒంట్లో వాపు తెప్పించే ప్రోటీన్లుంటాయే, అలాంటివి అది కూడా తయారుచేసి వదులుతుందట. అవి అడ్డం పడితే, ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టినా కణం తియ్యదట.

"ఎలుకల్లో చూశారు. మనుషుల్లో ఇంకా తేలాలి. మీరు తిండి చూసుకోవాలి, నడవాలి, అది తప్పదు. దొంగచాటుగా స్వీట్లు తింటేనే షుగరొస్తుందనేది మాత్రం ఉత్తమాట."

ఇన్నాళ్ళకు ఒక మనిషి నా మాట నమ్మాడు. తిరుగు బస్సులో ఏడుపు ఆగలేదు. ఉదయగిరిలో దిగాక ఈ సంగతి ఎవరికి చెప్పాలో తోచలేదు. గదికెళ్ళి గోడలకు చెప్పుకోవాలా?

ఆ గురువారం ప్రార్థన అయిపోయి అందరూ వెళ్ళాక, సంఘపెద్ద భార్య చాపలు చుడుతుంటే ఎదురుగా నిలబడి డాక్టరు చెప్పిందంతా చెప్పేశాను. కోపంగానే చెప్పాను.

"ఇంక నా తిండి గురించి దేవుడికి చెప్పబాకక్కా" అన్నాను.

ఆమె చాప వదిలేసి కింద కూలబడింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"నాకూ ఉండాది టీచరమ్మా, షుగరు. ఇంట్లో ఆయనక్కూడా చెప్పలా."

"ఎందుకు చెప్పలా?"

"నిన్ను చూస్తానే ఉండాను గదా. ఎట్టా చెప్పేది?"

ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ ప్రోటీన్ల సంగతి ఏందో మళ్ళీ చెప్పు. నాకు అర్థమయ్యేట్టు మెల్లిగా చెప్పు."