పులుసు కోసం రస్సెల్ దాకా

మా ఆవిడ సునీతకు అన్నయ్య, అంటే మా బావగారు, కాకినాడ నుంచి నెల రోజులుందామని ఆక్లాండ్ వచ్చారు. వచ్చిన వారానికే మౌంట్ ఆల్బర్ట్‌లో నాలుగు తెలుగు ఇళ్ళకు మాటిచ్చేశారు. ఆదివారం రాత్రి ఎవరూ కూర వండుకోవద్దు, స్వయంగా చేపలు పట్టుకొచ్చి పులుసు పెడతానని. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సోమలింగాన్ని వెతకడానికే ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న రస్సెల్ ఊరికి మా ప్రయాణం.

నా కారు మెకానిక్ దగ్గర విశ్రాంతి తీసుకుంటోంది కాబట్టి శనివారం ఉదయం ఏడున్నరకు బస్సెక్కాం. బావగారి ఖాళీ ఐస్ బాక్స్ దర్జాగా కూర్చుంది, నేను కాళ్ళు ముడుచుకున్నాను. అందులో ఏముందని ముందు సీటులోని కివీ పెద్దావిడ అడిగింది. "రేపు పట్టబోయే చేపలు," అన్నాను. ఆవిడ జాలిపడి నాకో బిస్కెట్ ఇచ్చింది.

పదకొండున్నరకు పైహియాలో దిగి ఫెర్రీ ఎక్కితే పావుగంటలో రస్సెల్. ఒకప్పుడు తిమింగలాల వేటగాళ్ళు తాగి తన్నుకున్న ఊరట. ఇప్పుడంత గొడవ లేదు, కాఫీ ధరతోనే మనిషిని పడగొడతారు. కొండమీద మావోరీలు నాలుగుసార్లు నరికేసిన బ్రిటిష్ వాళ్ళ జెండా కర్ర కథ చెప్పాను, చర్చి గోడకున్న తుపాకీ గుళ్ళ రంధ్రాలు చూపించాను. బావగారు చరిత్రంతా ఓపిగ్గా విని, "గాలి మారిందండి, చేప లోతులో ఉంటాది," అన్నారు. రాత్రి మోటెల్‌లో పెరుగన్నం తింటూ కూడా అదే మాట.

ఆదివారం ఏడింటికి పడవ కదిలింది. నడిపేది ఒక మావోరీ పెద్దాయన. కాసేపటికే బావగారి గాలానికి మోచేయంత స్నాపర్ చేప పడింది. ఆయన ఐస్ బాక్స్ మూత తీసేలోపే పెద్దాయన అడ్డొచ్చాడు. "మొదటి చేప సముద్రానిది. ఈ పడవలో అదే పద్ధతి."

నేను తెలుగులో చెప్పాను, కాస్త సంతోషంగానే. పోట్లాడతారనుకున్నాను. బావగారు ఒక్క క్షణం చేపనే చూశారు.

"గంగమ్మకి పెట్టందే మావోళ్ళూ వేటకెళ్ళరండి," అని రెండు చేతులతో దాన్ని నీళ్ళలో వదిలారు.

గంగమ్మ పుచ్చుకుంది గానీ బదులివ్వలేదు. తర్వాత పడినవన్నీ కొలబద్ద మీద పొట్టివే, చట్టం ప్రకారం అవీ వెనక్కే.

తిరుగు బస్సు ఫాంగరేలో కాసేపు ఆగింది. దగ్గర్లోనే సూపర్‌మార్కెట్ కనబడింది.

"చేపలు కొనేద్దాం బావగారూ, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"గంగమ్మకి వదిలేసొచ్చి, కొన్నదాన్ని పట్టానని పెట్టమంటారేంటండి?" అన్నారాయన.

ఆయన వచ్చాక మొదటిసారి ఆయనంటే నాకు గౌరవం కలిగింది. అలవాటు లేక కొంచెం ఇబ్బంది పడ్డాను.

రస్సెల్ వెళ్ళాలనుకునేవారికి నేను చెప్పేదొకటే. ఊరు బాగుంటుంది, సముద్రం ఇంకా బాగుంటుంది, చేపలు మాత్రం అక్కడే ఉంటాయి.

ఆక్లాండ్ ఇంకో గంట ఉందనగా సునీత ఫోన్ చేసింది. అందరూ వచ్చేశారట, చింతపండు కూడా నానబెట్టిందట. బావగారు ఫోన్ ఇమ్మని చెయ్యి చాపారు. బస్సంతా వినబడేలా మాట్లాడే మనిషి, కిటికీవైపు తిరిగి మెల్లగా అన్నారు.

"చేప పడలేదమ్మా. పప్పు పెట్టు."