గొడ్డలి ఎత్తిన చెయ్యి

మా మిల్లు మేస్త్రి మొన్న మంగళవారం పోయాడు. చదువుకున్నవాళ్ళెవరో ఆయన గురించి రాస్తారులే అని నేను ఊరుకుందామనుకున్నాను. ఎవరూ రాయలేదు. నాది పాత పంచాంగాలు కూడబలుక్కుని నేర్చిన తెలుగు. వర్జ్యం, దుర్ముహూర్తం తప్పుల్లేకుండా రాస్తాను, మిగతాది సర్దుకోండి.

కోయంబత్తూరులో మా మిల్లు ఇళ్ళు రెండు వరసలు. ఎదుటి వరస వాళ్ళు వేదంలో, అంటే కిరస్తానంలో, కలిసి చర్చికి పోయేవాళ్ళు. పెళ్ళితో మా అన్న కూడా అటు కలిశాడు. ఈ కథ జరిగేనాటికి ఏడాదిగా నాన్న వాడి పేరెత్తలేదు. "కంటబడితే కాలు ఇరుస్తా" అని మాత్రం చెప్పి ఉంచాడు.

ఇదేమీ తెలియని కొత్త ఫాదరుగారు భక్తి సినిమా అనుకుని ఒక రీళ్ళ పెట్టె తెప్పించారు. తీరా చూస్తే ఏదో మంచుదేశం. పూర్వకాలపు రెండు వంశాల పగ, పాత దేవుళ్ళకూ శిలువకూ మధ్య నలిగిపోయే ఒక ఇల్లు. మైదానం నడుమ తెర కట్టారు. అన్నతో సహా వాళ్ళు అటు, మేము ఇటు. మాది తెర వెనక వైపు కాబట్టి మాకు వీరులందరూ ఎడమచేతి వాటం వాళ్ళే. నాన్న కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

ఆ భాష ఎవరికీ రాదు. కథ చెబుతానని తెర గుంజ పక్కన నిలబడిన మేస్త్రికీ రాదు. కానీ మిషన్ల హోరులో ముప్పయ్యేళ్ళు పనిచేసినవాడు. "నోరు అబద్ధం సెప్తుందిరా, సెయ్యి సెప్పదు" అనేవాడు. దూరం నుంచే చేతులు చూసి ఎవడిది నిజం కడుపునొప్పో, ఎవడిది సెలవు కోసమో తేల్చేసేవాడు. నా సెలవు ఎన్నిసార్లు కొట్టిపారేశాడో!

చివరికి కొడుకు జ్ఞానస్నానానికి నీళ్ళలో దిగాడు. గట్టు మీద ముసలి తండ్రి గొడ్డలి ఎత్తాడు.

"నరుకు!" అని మా వైపు ఎవడో అరిచాడు. తెర అవతల జనం లేచిన చప్పుడు. నాన్న కూడా కర్రతో లేచాడు.

"ఏం మేస్త్రీ, నోరు పడిపోయిందా? పడం కత సెప్పు!" అని వెనకనుంచి ఇంకొకడు.

మేస్త్రి తెర వైపు చూడడం లేదు. నాన్ననే చూస్తున్నాడు.

"సెయ్యి వణుకుతా ఉండాది మామా," అన్నాడు. "నరకాలని ఎత్తినోడి సెయ్యి వణకదు. దించేదానికి దోవ దొరకలా, అంతే."

ఎవరి చెయ్యో చెప్పలేదు. నేరుగా వెళ్ళి సినిమా మిషను ముందు తన తుండుగుడ్డ అడ్డం పెట్టాడు. "రీలు తెగింది. పోయి కూడు తినండప్పా!"

రీలు తెగలేదని అందరికీ తెలుసు. అటుపక్క ఒక అవ్వ మాత్రం చాప చుట్టుకుంటూ, "అయ్యో, పిల్లోడు బతికినాడా లేదా?" అని అడుగుతూనే ఉంది.

"రేపు సెప్తా అవ్వా," అన్నాడు.

మర్నాడు మొదటి షిఫ్టు కూతకు, ఏడాదిగా ఎదురుపడకుండా తిరిగిన నాన్న, అన్న ఒకే వేళకు మిల్లు గేటు దగ్గరికి వచ్చారు. నాన్న పక్కకు తప్పుకుని వాణ్ణి ముందు పోనిచ్చాడు.