వెనక గదికి వైఫై

సముద్రాల అడుగున తీగలు పరిచి ఖండాలను కలిపిన ఇంజనీర్లంతా కట్టకట్టుకుని వచ్చినా మా నాయనమ్మ కాలిగోటికి సరిరారు. వాళ్ళు ఇంటర్నెట్‌ను వీధి చివరిదాకా తెచ్చి చేతులు దులుపుకున్నారు. అక్కణ్ణుంచి వెనక గదిదాకా దాన్ని చెవి పట్టుకుని లాక్కొచ్చింది నాయనమ్మ. కాకపోతే కొన్నాళ్ళపాటు దాన్ని రానివ్వకుండా అడ్డుపడిందీ ఆవిడే. ఆ సంగతి కూడా చెప్పకపోతే ఇది రాస్తున్న మనవరాలికి కళ్ళు పోతాయి.

నాయనమ్మ టైలరు. ఆ ఇల్లు రైలుపెట్టెలా ఒక గది వెనక ఇంకో గది. ముందు గదిలో కొట్టు, మధ్య గదిలో కుట్టుమిషను, వెనక గదిలో తాతయ్య. బట్టలు కుట్టించుకునేవాళ్ళు ఫోన్లో నమూనాలు చూపిస్తారని వైఫై డబ్బాను కొట్లోనే పెట్టించారు. గోడలు మాత్రం ఏనుగు వీపులు. డబ్బాలోంచి బయల్దేరిన సిగ్నల్ మధ్య గది దాటేసరికి ఆయాసపడి కూలబడేది.

తాతయ్య బస్సు కండక్టరుగా చేశాడు. ఆయన కేక వేస్తే పక్క వీధిలో అన్నం తింటున్నవాళ్ళు కూడా చెయ్యి కడుక్కోకుండా వచ్చి బస్సెక్కేవారట. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ అయినా నడక వచ్చింది గానీ మాట రాలేదు. ఏం అడిగినా "ఆ" అనేవాడు. ఆకలేస్తోందా అన్నా "ఆ", కడుపు నిండిందా అన్నా "ఆ".

సాయంత్రాలు మాటలు నేర్పే టీచరమ్మ ఫోన్లో కనిపించేది. పెదాలు ఎలా కలపాలో, నాలుక ఎక్కడ ఆనించాలో తన నోరు చూపించి చెప్పేది. తాతయ్య చూసి అలాగే చెయ్యాలి. సరిగ్గా అసలు మాట దగ్గరికి వచ్చేసరికి బొమ్మ బిగుసుకుపోయేది. ఆవిడ అక్కడ నోరు తెరుచుకుని, ఈయన ఇక్కడ నోరు తెరుచుకుని, ఇద్దరూ పళ్ళ డాక్టరు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేవారు. మొదట్లో మనవరాలికి నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

ఒకరోజు తాతయ్య ఫోను బోర్లించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడూ అంతే. టీచరమ్మ నాయనమ్మకు విడిగా ఫోన్ చేసింది.

"ఆయన్ని ఎలాగైనా కూర్చోబెట్టండి మామ్మగారూ. మాట రావాలంటే ఈ మొదటి నెలలే ముఖ్యం. ఇప్పుడు వదిలేస్తే తర్వాత చాలా కష్టం."

నాయనమ్మ ఫోను పెట్టేసి చాలాసేపు సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉండిపోయింది. ఎక్కలేదు.

"పోనీ, తాతయ్యని కొట్లో కూర్చోబెడదామా?" అంది మనవరాలు.

"దారినపోయే వాళ్ళంతా ఆయన నోటి వంకర చూడ్డానికా? వాళ్ళందరికీ టిక్కెట్లు కొట్టిన మనిషే ఆయన."

అందుకని మనవరాలు బజారుకెళ్ళి ఎక్స్‌టెండర్ అనే చిన్న పెట్టె తెచ్చింది. సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపుతుంది. మధ్య గదిలో పెట్టమని అట్టపెట్టె మీద బొమ్మ కూడా వేసి ఉంది. నాయనమ్మ ఆ బొమ్మను లెక్కచెయ్యలేదు.

"దీపం చీకటి గదిలో పెడతారు గానీ, వెలుతురున్న గదిలో పెడతారటే?" అని దాన్ని తీసుకెళ్ళి తాతయ్య తలగడ పక్కన తగిలించింది. పెట్టెమీద ఎర్రలైటు వెలిగింది. "చూడు, ఎంత బాగా వెలుగుతోందో" అంది.

ఎర్రలైటంటే ఏమీ అందడం లేదని మొత్తుకోలు. మనవరాలు ఆ మాటే చెప్పింది. పదో తరగతి గట్టెక్కనిదాని మాట ఎవరు వింటారు? చివరికి ఇంటర్నెట్ బిగించే అతనికి కబురు వెళ్ళింది. అతను వచ్చి, తలగడ పక్కన పెట్టెను చూసి, నవ్వాపుకోవడానికి కాస్త దగ్గాడు.

"మామ్మగారూ, ఇది దీపం కాదండీ. ముందు గదిలో మాట విని, వెనక గదికి కేక వేసి చెప్పే మనిషి అనుకోండి. మాటే వినపడని చోట కూర్చోబెడితే ఏమని కేక వేస్తాడు?"

నాయనమ్మ ఓసారి తాతయ్య వైపు, ఓసారి పెట్టె వైపు చూసింది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా" అంది, చెప్పిన మనవరాలి వైపు చూడకుండా.

పెట్టె ఎక్కడుండాలో అతను ఫోను పట్టుకుని మధ్య గదంతా తిరిగి చూశాడు. గుమ్మం పక్కన, మిషను పైన, సరిగ్గా ప్లగ్గు దగ్గర బాగుంది. ఆ గదికి ఉన్నది ఆ ఒక్క ప్లగ్గే. అందులో మిషను మోటారు ఉంది. వైరు లాగి బోర్డు పెట్టుకుందామంటే నాయనమ్మ ససేమిరా అంది. తాతయ్య కాలు ఈడ్చుకుంటూ వెళ్ళే దారి అది, నేలమీద వైరు కనపడకూడదు. ఇంకో ప్లగ్గు బిగించడానికి ఎలక్ట్రీషియన్ వచ్చేవారం గానీ రానన్నాడు. బల్లమీద చూస్తే ఈలోపే కుట్టి ఇవ్వాల్సిన బడిపిల్లల యూనిఫాంలు గుట్టగా ఉన్నాయి.

నాయనమ్మ మిషను దగ్గరికి వెళ్ళింది. మోటారు ప్లగ్గు పీకేసింది. ఎప్పుడో మూలన పడేసిన తోలు బెల్టు వెతికి తీసి, కింది చక్రానికి, పై చక్రానికి ఎక్కించింది. చీర కాస్త పైకి దోపుకుని కాళ్ళతో తొక్కడం మొదలుపెట్టింది. మోకాళ్ళు అరిగాయని డాక్టరు మానమన్న పని అది. ఖాళీ అయిన ప్లగ్గులో తగిలించిన పెట్టె మీద లైటు పచ్చగా మారింది.

ఆ సాయంత్రం తాతయ్యను బతిమాలి లేపి కూర్చోబెట్టారు. టీచరమ్మ నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఎక్కడా బిగుసుకుపోలేదు. తాతయ్య అనుమానంగా ఫోనుకు దగ్గరగా జరిగాడు. మనవరాలు కొట్లోకి వచ్చిన మనిషికి బట్టలు ఇచ్చి పంపి, తిరిగి మధ్య గదిలో అడుగుపెట్టేసరికి వెనక నుంచి వినపడింది.

"గో... ల."

మిషను టకటకలాడుతూనే ఉంది.

"గోల," అన్నాడు తాతయ్య మళ్ళీ, ఈసారి చిరాగ్గా.

నాయనమ్మ కాళ్ళు ఆగాయి. ఇంట్లో ఇన్నాళ్ళకు ఒక అసలైన మాట వచ్చింది, అదీ ఆవిడ మీద విసుగు. "అబ్బో, వచ్చాడండీ దొరగారు, రాగానే తప్పులు పట్టడానికి" అంటూ కళ్ళు తుడుచుకుంది. చేతికి అందింది పిల్లల యూనిఫాం చొక్కా, దాంతోనే తుడుచుకుంది.

ఇప్పుడు ఇంకో ప్లగ్గు ఉంది, మోటారు మళ్ళీ తిరుగుతోంది. తాతయ్య కూరలో ఉప్పు లేదని నిండు వాక్యంలో చెబుతున్నాడు. దగ్గి చెప్పిన ఆ అబ్బాయికి, ఓపికగా నోరు తెరిచిన టీచరమ్మకు ఆ ఇల్లు రుణపడి ఉంది. అందరికంటే ఎక్కువగా, తప్పు తెలిశాక క్షణం ఆలోచించకుండా తొక్కిన ఆ మోకాళ్ళకు రుణపడి ఉంది. అది మొహం మీద చెబితే ఆవిడ ఊరుకోదు. అందుకే మనవరాలు ఇదంతా రాసి, మిషను పక్కన కూర్చుని చదివి వినిపించింది.

నాయనమ్మ అంతా విని, దారం పళ్ళతో కొరికి, అంది:

"గోల అన్నది తర్వాతే. ముందు నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారీ పిలవలేదు. అప్పుడు నువ్వు కొట్లో ఉన్నావు, నీకేం తెలుసు. అది గనక రాశావో, కాళ్ళు విరగ్గొడతాను."