నాకు జమానతు నిలిచిన అవ్వ

సురంగల్‌లో మా పక్కింటి అవ్వ పోయిన నెల చనిపోయింది. పొద్దున్నే చామంతులు కోస్తూ చేనులోనే కూలబడిందట. మొయినాబాద్ దవాఖానకు చేర్చేసరికే ఊపిరి లేదు. "అన్నా, అవ్వ పోయింది" అని ఆమె కొడుకు ఫోన్ చేశాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన, ఇక కోర్టులో నాకు జమానతు ఎవరు ఉంటారని. అంతటి మనిషిని నేను! ఆమె ఎటువంటి మనిషో నలుగురికీ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అజీజ్‌నగర్ ఫామ్‌హౌసుల్లో పచ్చగడ్డి పరచడం నా పని. గడ్డి అమ్మే షావుకారు నమ్మకానికని సంతకం పెట్టిన ఖాళీ చెక్కు తీసుకున్నాడు. బాకీ చాలావరకు చేతికే ఇచ్చాను. రసీదు అడగలేదు, చెక్కు వెనక్కి అడగలేదు. మాటా మాటా పెరిగాక అతను చెక్కు బ్యాంకులో వేశాడు, అది బౌన్సయింది, కేసయింది. కోర్టు సమన్లు పోస్టులో వస్తే, తీసుకోకుంటే కేసు పట్టదని చాయ్ హోటల్లో ఎవరో చెప్పారు. మహా తెలివిగా రెండుసార్లు పోస్టుమ్యాన్‌ను తిప్పి పంపాను. మూడోసారి పోస్టుమ్యాన్ రాలేదు. నాన్ బెయిలబుల్ వారంట్‌తో పోలీసులు వచ్చారు. చేతుల మట్టి కూడా కడుక్కోకుండానే వాళ్ల జీపెక్కాను.

చేవెళ్ల కోర్టులో జడ్జిగారు ఒకటే మాట అన్నారు. సాయంత్రంలోగా భూమి ఉన్న మనిషి జమానతు ఇస్తే ఇంటికి, లేకుంటే జైలుకు. మా అన్నకు ఫోన్ చేస్తే "భూమి పాసుబుక్కు లోనుకు బ్యాంకుల ఉన్నది తమ్మీ" అన్నాడు. బావమరిది ఫోనే ఎత్తలేదు. మా ఇంటామె ఏడుపు గోడ అవతలికి వినబడిందేమో, ఎవరూ పిలవకుండానే అవ్వ కోర్టుకు వచ్చింది. పాసుబుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టి కొంగున కట్టుకుంది.

"అమ్మా, ఇతను వాయిదాకు రాకపోతే నీ మీద పడుతుంది, తెలుసా?" అని జడ్జిగారు అడిగారు.

"రాకుంటె చెవు పట్టి గుంజుకొస్త సారూ" అంది. కోర్టులో అందరూ నవ్వారు. నాకు మాత్రం దుఃఖం ఆగలేదు. ఆమె వేలిముద్ర తీసుకుని, పాసుబుక్కు కోర్టులోనే ఉంచుకుని నన్ను వదిలారు.

ఆమె ఆ మాటను నిజంగానే పట్టుకుంది. జమానతు ఇచ్చిన మనిషే ముద్దాయిని కోర్టుకు తెచ్చి అప్పగించాలని ఆమె లెక్క. ప్రతి వాయిదా రోజు ఎనిమిదింటికే మా అరుగు మీద కూర్చునేది. నేను అంగీ గుండీలు పెట్టుకునే లోపలే "అయిందారా?" అని మూడుసార్లు అరిచేది. మొయినాబాద్ దాకా ఆటో, అక్కడినుంచి బస్సు. నువ్వు రానక్కరలేదమ్మా అని వకీలు ఎన్నిసార్లు చెప్పినా, "వేలు పెట్టింది నేను బిడ్డా, నువ్వు కాదు" అనేది. జొన్నరొట్టె, ఎర్రకారం తెచ్చి కోర్టు మెట్ల మీద నాకు సగం పెట్టేది. సమన్లు తిప్పి పంపిన సంగతి తలుచుకుని, "తలుపు మూసుకుంటె ఎండ పోతదారా పిచ్చోడా" అని తిట్టేది. నలభై దాటినవాణ్ని, చిన్నపిల్లాడిలా నన్ను వెంటేసుకుని తిరుగుతుంటే నాకు చిరాకేసేది.

ఆ చిరాకుతోనే పోయిన ఎండాకాలం పాపం చేశాను. కొండకల్ దగ్గర పెద్ద పని దొరికింది. సరిగ్గా ఆ రోజే వాయిదా. కూలి పోతుందని తెల్లారకముందే బండేసుకుని వెళ్లిపోయాను, ఫోన్ బంద్ పెట్టాను. ఒక్క వాయిదా తప్పితే ఏమవుతుందిలే అనుకున్నాను. నాకు మళ్లీ వారంట్ అయింది. బాండు సొమ్ము నీ దగ్గర ఎందుకు వసూలు చేయకూడదని అవ్వకు నోటీసు ఇచ్చారు. వాళ్లింట్లో గొడవ అయింది. "మన భూమి వాడి పాలు చేసినవ్" అని కోడలు అన్న మాట గోడ ఇవతలికి స్పష్టంగా వినబడింది.

మర్నాడు అవ్వ నన్ను కోర్టుకు తీసుకుపోవడానికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బస్సులో అంది: "నీ పేరు పిలిచిన్రు బిడ్డా. నేను లేసి నిలబడ్డ. ఏం చెప్పాలెనో తెల్వలే."

నోటి దురుసుకు ఊరంతా భయపడే మనిషి! అంత చిన్న గొంతు ఆమెదని నాకు అంతవరకు తెలియదు. జరిమానా కట్టించి వారంట్ రద్దు చేశారు, ఆమె నోటీసు కూడా వదిలేశారు. తప్పయింది అవ్వా అని ఆ రోజు అనలేదు. తర్వాత కూడా అనలేదు. అందామనుకుంటూనే నెలలు గడిపాను. ఇప్పుడు ఎవరితో అనాలి?

జమానతుదారు చనిపోతే కోర్టుకు చెప్పాలి, కొత్త మనిషిని తేవాలి అన్నాడు వకీలు. ఊళ్లో అయిదిళ్లు తిరిగాను. నా మొహం చూసి అందరికీ ఏదో పని గుర్తొచ్చింది. మరణ పత్రం కోసం పంచాయతీ ఆఫీసుకు పోతే అవ్వ కొడుకు ముందే ఉన్నాడు.

"నీకెందుకన్నా?" అన్నాడు.

"కోర్టుల ఇయ్యాలె తమ్మీ."

తన చేతిలో ఉన్న రెండు కాపీల్లో ఒకటి నాకిచ్చాడు. "జర మా పాసుబుక్కు ఇడిపియ్యి అన్నా, ఇగ సాలు" అన్నాడు.

నిన్న వాయిదా. ఒక్కణ్నే పోయాను. కొత్త జమానతుకు రెండు వారాలు గడువిచ్చారు, అప్పటికీ దొరక్కపోతే జైలే. అవ్వ మరణ పత్రం తీసుకుని కోర్టు గుమస్తా అడిగాడు: "ఈమె నీకేమైతది?"

"ఏం కాదు సార్."

అతను తలూపి, దబ్బనంతో ఆ కాగితానికి పక్కన పొడిచి, దారం ఎక్కించి, నా కేసు కట్టలో అవ్వను కుట్టేశాడు.