పెన్నుతో గీసిన వంపు

మా తలుపుల షాపులో చెక్కే మెషీన్‌కి పదకొండేళ్ళుగా కోడ్ రాసేది అక్క. వరసకి ఎవరికీ ఏమీ కాదు, అయినా అందరికీ అక్కే. పువ్వులు, లతలు, మొత్తం మూడు వందల పన్నెండు డిజైన్లు. ప్రతి అంకెనూ తన చేత్తో కొట్టింది. నేను పక్కనే పాలిష్ పట్టేవాణ్ణి.

కొత్త మెషీన్ వచ్చిన రోజున పూరేకు చెక్కమంటే, చెక్కని కోసే బిట్టు పలక దాటిపోయింది. పెద్ద సున్నా చుట్టి, పలకని బిగించి పట్టే క్లాంపుకి కొట్టుకుని విరిగింది. "అక్కా, కళ్ళజోడు మార్చుకోవాలేమో," అని నవ్వాను.

మెషీన్ కంపెనీ ఇంజనీరు ఫైలు తెరిచి కూడా చూడలేదు. "మెషీన్ పర్ఫెక్టండీ. మేడమ్ ఫైళ్ళే చెత్త. మా రెడీమేడ్ డిజైన్లు వేసుకోండి." ఆడలేక మద్దెల ఓడంటే ఇదే!

ఓనరుకి ఆ మాట తలకెక్కింది. "శనివారం దాకా చూస్తానమ్మా. ఆడకపోతే రెడీమేడే. ఇక కోడ్ రాసే మనిషితో పనేముంటుంది, నువ్వే చెప్పు," అన్నాడు. నువ్వే చెప్పాలట! నాకు ఒళ్ళు మండింది.

 శుక్రవారం అక్క బిట్టు తీసేసి, ఆ చోట టేపుతో పెన్ను కట్టింది. కాగితం పరిచి ఒకే ఒక్క వంపు గీయించి, స్టీలు స్కేలుతో కొలిచింది. దొంగ దొరికాడు. వంపుకి కేంద్ర బిందువును పాత మెషీన్ బిట్టు నిలబడ్డ చోటు నుంచి లెక్కపెట్టేది. కొత్తది పలక మూల నుంచి లెక్కపెడుతోంది. అదొక సెట్టింగు, అంతే. ఫైలు మొదట్లో ఒక్క లైను చేర్చగానే కాగితం మీద రేకు ముచ్చటగా వచ్చింది.

శనివారం ఇంజనీరు రిపోర్టు తెచ్చాడు. 'ఆపరేటరు పొరపాటు. సరిచేశాం.' దాని కింద అక్క సంతకం పెట్టాలట.

"పెట్టేయమ్మా, ఎవరిదైతేనేం, పనైంది కదా," అన్నాడు ఓనరు.

"పని మీకైంది సార్. తప్పు నా పేరు మీదుంది."

అక్క గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. మెషీన్‌కి కట్టిన పెన్ను పీకి ఇంజనీరు ముందు కొట్టినట్టు పెట్టింది.

"అది కొట్టెయ్. 'సెట్టింగు మేం చూసుకోలేదు, ఫైళ్ళు బాగున్నాయి' అని రాయి. నేను చదివాకే కదులు."

అతను రాశాడు. ఓనరు చేత కూడా సంతకం పెట్టించింది.

తర్వాత అదే పెన్ను పట్టుకుని నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వన్న కళ్ళజోడు మాట ఏ కాగితం మీద రాయించుకోనురా?"